వారసుడి పేరుకు ముందు

కోసుతియస్ దొర తన వీలునామాలో మొట్టమొదట థలూసా పేరు చెప్పినప్పుడు ఇల్లంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. దొర మేనల్లుడు సీలో ఒక్కడు మాత్రం నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఆ రోజు చెప్పమంటే చెప్పలేకపోయేవాణ్ణి.

నా పేరు దామా. పుటియోలి రేవులో పాలరాళ్ళ వ్యాపారం చేసే కోసుతియస్ దగ్గర పద్దెనిమిదేళ్ళు బానిసగా, ఆయన విడుదల చేశాక మరో ఆరేళ్ళు అదే ఇంట్లో, ఆయన ఉత్తరాలు రాస్తూ బతికాను. ఆయన మాట తీరు రేవంతటికీ తెలుసు. దేని గురించి చెప్పదలిచాడో దాన్ని ముందు ఎత్తి బల్లమీద పడేస్తాడు. మిగతాదంతా ఆ తరవాతే. "కరీస్టోస్ రాళ్ళు! వాటిని వానలో ఎవడు వదిలాడు?" "ఆ కుంటి గాడిద! దాన్ని ఇంకా మేపుతున్నారా?"

మా లాటిన్‌లో ఏ పదాన్ని ఎక్కడ పెట్టినా అర్థం చెడదు. ఎవరు ఎవర్ని తన్నారో పదం చివరి తోక చెబుతుంది. కాబట్టి వాక్యంలో ఏది ముందు రావాలన్నది వ్యాకరణం కన్నా మనిషి మనసు తేల్చే విషయం. బడిలో బాగా దెబ్బలు తిన్నవాళ్ళు క్రియను చివరిదాకా దాచి, వినేవాణ్ణి ఊపిరి బిగపట్టించి, అప్పుడు వదులుతారు. మా దొరకు ఆ విద్య రాదు. ఆయన మనసులో ఏది ముందుంటే నోట్లో అదే ముందు. ఇరవైనాలుగేళ్ళు నేను అలాగే నమ్మాను.

ఆ రోజు మండువాలో మంచం వేయించుకుని, వాచిన కాలు దిండు మీద పెట్టుకుని, వీలునామాలు రాసే ఎపాఫ్రాను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఇంటివాళ్ళందర్నీ పిలిపించాడు.

"థలూసా," అన్నాడు గట్టిగా. "నా కాలికి కట్టు కట్టే ఈ థలూసా. ఆమె స్వేచ్ఛ పొందుగాక."

ఎపాఫ్రా ఘంటం మైనం మీద గీసుకుంటూ పోయింది.

"సీలో, నా చెల్లెలి కొడుకు. అతను నాకు వారసుడగుగాక."

థలూసా నీళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళుగా మేమిద్దరం ఒకే గదిలో ఉంటున్నాం. నేను విడుదలైనవాణ్ణి, ఆమె ఇంకా బానిస, కాబట్టి మాది పెళ్ళి కాదు. ఇప్పుడామెకు నాలుగో నెల. బానిస కన్న బిడ్డ యజమాని సొత్తు. కానీ గ్రీకు వైద్యుడు నన్ను పక్కకు పిలిచి, దొర ద్రాక్షకోతల దాకా బతకడని చెప్పాడు. బిడ్డ పుట్టేది చలికాలంలో. అప్పటికి వీలునామా తెరుస్తారు. తల్లి స్వతంత్రురాలైతే బిడ్డా స్వతంత్రమే. నా బతుకులో ఇంకో లెక్క లేదు.

మర్నాడు ఏడుగురు సాక్షులు వచ్చారు. మైనపు పలకల్ని ఒకదానిమీద ఒకటి మూసి, రంధ్రాల్లోంచి మూడుసార్లు దారం తిప్పి, ముడిమీద ఉంగరాలు నొక్కారు. పలకల్లో ఏముందో సాక్షులకు చెప్పనక్కర్లేదు. వాళ్ళు ముద్ర వేస్తారు, తేనె కలిపిన ద్రాక్షసారా తాగుతారు, వెళ్ళిపోతారు. ఏడో ఉంగరం నాది.

ఆరు రోజుల తరవాత ఏదో పనిమీద ఊరి చావడికి వెళ్ళాను. చచ్చిపోయిన ఒక రొట్టెల వ్యాపారి వీలునామా అక్కడ తెరుస్తున్నారు. మొదటి వాక్యంలో తన ఇంటిని చెల్లెలికి ఇచ్చాడు. రెండో వాక్యంలో వారసుడి పేరు. న్యాయం చెప్పే పెద్దమనిషి ఒక్కసారి చదివి, "ఇల్లు చెల్లదు" అన్నాడు. ఆ చెల్లెలు అక్కడే నేలమీద కూలబడింది.

పక్కనే వేలంపాటల హెరెన్నియస్ నిలబడి ఉన్నాడు. మా దొరకు పాత స్నేహితుడు, ఆ ఏడుగురు సాక్షుల్లో ఒకడు.

"ఏమైంది దొరా?" అని అడిగాను.

"ఏమవుతుంది? రొట్టెలు కాల్చడం తెలుసుగానీ వీలునామా రాయించడం తెలీదు ఆ మొద్దుకి. వారసుడి పేరే వీలునామాకు తలకాయ్. తలకాయ్ కన్నా ముందు ఏం రాసినా అది గాల్లో రాసినట్టే."

"ఇల్లే కాదు, ఇంకేదైనా...?"

"ఏదైనా. ఇల్లూ, వాకిలీ, చెంబూ, తప్పేలా."

"స్వేచ్ఛ కూడానా?"

"స్వేచ్ఛ కూడాను. ఏం, ముఖం అలా పాలిపోయిందేం? రొట్టెలవాడు నీకేమైనా రాశాడా?" అని నా వీపుమీద చరిచాడు.

నేను ఇంటికి నడిచానో పరిగెత్తానో గుర్తులేదు. ఊరి పైనున్న గంధకపు గుట్టల కంపు ఆ రోజు రేవుదాకా వచ్చింది.

థలూసా పెరట్లో కట్టుగుడ్డలు ఉడకబెడుతోంది. సంగతి చెప్పాను. ఆమె కర్రతో గుడ్డల్ని తిప్పుతూనే ఉంది.

"నువ్వు ఉప్పులో కూడా విషం వెతుకుతావు," అంది. "దొరకు తెలిసుండదు. మాట్లాడే తీరే అంత కదా. ముందు నా పేరు వచ్చింది, అంతే."

"ఎపాఫ్రాకు తెలుసు. అది వాడి వృత్తి. వాడు ఎందుకు నోరు మూసుకున్నాడు? సీలో ఎందుకు నవ్వాడు?"

కర్ర ఆగింది.

"ఏమిటి?" అన్నాను.

"ఏంలేదు. మొన్న సీలోబాబు భార్య వచ్చింది చూడు. నన్ను వెలుగులోకి పిలిచింది. నోరు తెరవమంది, పళ్ళు చూసింది. 'మీ అమ్మకు పాలు బాగా పడేవా?' అని అడిగింది. ఆవిడక్కూడా కడుపట, నాకన్నా రెండు నెలలు వెనక. నేను మామూలు మాటే అనుకున్నా."

విడుదల కాబోయే ఆడదాని పళ్ళు ఎవరు చూస్తారు?

సీలో ఎపాఫ్రాను కొనేశాడని నాకు ఖాయమైపోయింది. ముసలాయన అమాయకంగా చెప్పాడు, వాడు అమాయకం నటిస్తూ రాశాడు. పలకలు తెరిచి చూడ్డానికి వీల్లేదు. బతికున్నవాడి వీలునామా ముద్ర విప్పినవాణ్ణి నాలాంటివాడైతే గనులకు పంపుతారు.

మర్నాడు పొద్దున్నే ఎపాఫ్రా కొట్టుకు వెళ్ళాను. రేవు వీధి అరుగుమీద నాలుగు బల్లలు, గోడకు వేలాడే పలకలు. వాడు నన్ను చూడగానే చేతిలో పలకను బోర్లించాడు.

"ఎంత ఇచ్చాడయ్యా సీలో?" అన్నాను.

"ఏ సీలో?"

"నీకు ఎంతమంది సీలోలు తెలుసు?"

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దామా, కూర్చో. కూర్చోకపోతే పో. వీధిలో మాత్రం అరవకు. నాకెవరూ ఏం ఇవ్వలేదు. నేను చెప్పాను."

"ఏం చెప్పావు?"

"మీరంతా వెళ్ళిపోయాక చెప్పాను. 'దొరా, ఆ అమ్మాయి పేరు వారసుడి తరవాత రావాలి, ముందొస్తే విడుదల చెల్లదు, మైనమే కదా, చెరిపి మార్చేస్తా' అన్నాను. 'చెల్లదా?' అన్నాడు. 'చెల్లదు' అన్నాను. 'నిజంగా చెల్లదా?' అని ఇంకోసారి అడిగాడు. 'నిజంగానే' అన్నాను. 'అయితే అలాగే ఉంచు' అన్నాడు."

నేను వాడి మెడ పట్టుకున్నంత పనిచేశాను. "అబద్ధం."

"అబద్ధమైతే నాకేం లాభం? నువ్వు సీలోను అనుమానిస్తున్నావు. 'అవును, వాడే' అంటే నువ్వు నన్ను వదిలి వాడి మీద పడతావు. నాకు అదే సుఖం కదా?" ఎపాఫ్రా నుదురు తుడుచుకున్నాడు. "ఈ మాట నేను చెప్పానని ఎక్కడైనా అన్నావో, నేను అనలేదంటాను. పిల్లలుగలవాణ్ణి."

వాణ్ణి నమ్మలేదు. సీలోను కాపాడ్డానికి దొరమీద పెడుతున్నాడేమో. నమ్మకుండానూ ఉండలేకపోయాను. 'నిజంగా చెల్లదా' అని రెండోసారి అడగడం దొర పద్ధతే. రాయి కొనేముందు కూడా రెండుసార్లు తట్టి చూస్తాడు.

తేల్చుకోవడానికి ఒకటే దారి తోచింది. ఆ మధ్యాహ్నం ఉత్తరాల వేళకు ఒక ఖాళీ పలక పట్టుకుని దొర ముందు కూర్చున్నాను. రెండు నిజమైన ఉత్తరాలు చదివాను. మూడోది ఆ ఖాళీ పలకలోంచి చదివాను.

"నోలా నుంచి వీబియస్ రాశాడు దొరా, ఉల్లితోటల వీబియస్. వీలునామా రాయిస్తున్నాడట. పెంపుడు కూతురి మీద ప్రేమకొద్దీ ఆమె పేరు మొదట పెట్టాలనుకుంటున్నాడు. మీరు ఇరవై వీలునామాలకు సాక్షిగా ఉన్నవారు, సలహా చెప్పమంటున్నాడు."

కోసుతియస్ కళ్ళు మూసుకునే జవాబు చెప్పాడు. తడుముకోలేదు.

"వారసుడు! వాణ్ణి ముందు రాయమను. పెంపుడు కూతురు ఆ తరవాతే. ఆమెను ముందు పెడితే ఆమెకు గాలి మిగులుతుంది. రాశావా?"

ఎలాగో గీశాను.

అప్పుడాయన కళ్ళు తెరిచాడు. "వీబియస్. వాడికి పెంపుడు కూతురెక్కడిది?"

"ఈమధ్య పెంచుకున్నాడేమో దొరా."

"ఆ పలక. ఇలా ఇయ్యి."

నేను అప్పటికే ఘంటాన్ని తిరగేసి, వెడల్పు కొసతో మైనాన్ని అంతటా పామేస్తున్నాను. "జవాబు అదే పలకమీద పంపమన్నాడు దొరా. పాతది చెరిపేశాను."

ఆయన నన్నే చూశాడు. నన్ను చదివించింది ఆయన. రాళ్ళలో పగులు ఎక్కడుంటుందో వేలితో తడిమి కనిపెట్టడం నేర్పింది ఆయన. ఆ వేలు ఇప్పుడు నామీద పెట్టినట్టనిపించింది.

"నీ చెయ్యి ఈమధ్య తొందరపడుతోంది దామా," అన్నాడు. "కరీస్టోస్. అక్కడ గనిలో ఎవడో మోసం చేస్తున్నాడు. నువ్వు వెళ్ళి చూడు. నా పుట్టినరోజు మర్నాడు ఓడ ఉంది."

సముద్రం దాటి గ్రీసులోని కరీస్టోస్ వెళ్ళి, రాళ్ళు చూసి, వచ్చే ఓడ పట్టుకోవాలంటే ద్రాక్షకోతలు దాటిపోతాయి. నేను తిరిగొచ్చేసరికి ఈ ఇల్లు సీలోది. అందులో ఉన్నదంతా సీలోది. పాలు పడే ఆడమనిషితో సహా. విడుదలైనవాడు పాత యజమాని పని కాదనడానికి వీల్లేదు.

"చిత్తం దొరా," అన్నాను.

ఆ రాత్రి థలూసాకు ఎపాఫ్రా మాటా, దొర జవాబూ రెండూ చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఆయన పుండు వాసనకు వైద్యుడు కూడా ముక్కు మూసుకుంటాడు," అంది. "రెండేళ్ళనుంచి నేను మూసుకోలేదు."

పుట్టినరోజుకు ఐదు రోజులున్నాయి. ఏం చేస్తే ఏమవుతుందో అన్ని వైపులనుంచీ చూశాను. ఆయన్ని నిలదీస్తే కొట్టిపారేసి పంపుతాడు. కోర్టుకెక్కితే పాత యజమానిమీద కేసువేసిన కృతఘ్నుణ్ణవుతాను. కొత్త వీలునామా రాయించమని బతిమాలితే సరేనంటాడు, రాయించడు. మిగిలింది ఒక్కటే. కోసుతియస్ చావుకు భయపడడు, దేవుళ్ళకు భయపడడు, తోటివాళ్ళు తనను మొద్దు అనుకుంటారేమోనని మాత్రం చచ్చేంత భయం.

పుట్టినరోజునాడు మధ్యాహ్నం దాటగానే భోజనాల గదిలో ఒరిగి తినడానికి మూడు పడకలు వేశారు. పడకకు ముగ్గురు, మొత్తం తొమ్మిదిమంది: దొర, సీలో, నాతో కలిపి ఆ ఏడుగురు సాక్షులు. నాకు అన్నిటికన్నా కింది చోటు. నా దిండు కింద మూసిన మైనపు పలకల జత, దారం, ముద్రలకు మైనం. రోజూ, ఊరూ, తొమ్మిదిమంది పేర్లూ ముందే రాసి ఉంచాను. మధ్యలో నాలుగు వరసలు ఖాళీ.

గుడ్లు వచ్చాయి, ఆకుకూర వచ్చింది, చేపల ఊటలో వేసిన ఆలివ్‌లు వచ్చాయి. థలూసా నీళ్ళ పళ్ళెంతో ఒకరి తరవాత ఒకరి చేతులు కడుగుతోంది.

"ఏరా కోసుతియస్," అన్నాడు హెరెన్నియస్, "చచ్చినవాళ్ళని పాతాళానికి దాటించే పడవవాడు నిన్ను చూసి బరువెక్కువని ఒడ్డునే వదిలేశాడటగా?"

"నువ్వు ముందెక్కి కూర్చున్నావు, చోటు లేదు," అన్నాడు దొర. అందరూ నవ్వారు. ఆయన ముఖం వెలిగింది.

పాము చేప పళ్ళెం వచ్చేదాకా ఆగాను. హెరెన్నియస్ మూడో గిన్నె తాగేదాకా ఆగాను.

"హెరెన్నియస్ దొరా," అన్నాను, "ఆ రొట్టెల వ్యాపారి వీలునామా కథ వీళ్ళెవరూ విన్నట్టు లేదు."

సీలో తల తిప్పాడు. కోసుతియస్ చెయ్యి పళ్ళెం మీద ఆగింది. కానీ వేలంపాటలవాణ్ణి కదిపాక ఆపడం ఎవరి తరం? హెరెన్నియస్ మోచేతిమీద లేచి, రొట్టెలవాడి గొంతు, చెల్లెలి గొంతు, పెద్దమనిషి గొంతు మూడూ తనే అయి ఆడి చూపించాడు. "తలకాయ్ లేకుండా మొండెం నడిపించబోయాడు మొద్దు!" అని ముగించేసరికి పడకలు అదిరిపోయాయి.

నవ్వులు తగ్గుతుండగా నేను నోరు విప్పాను.

"అదే నా భయం దొరా. మా దొరక్కూడా ఈ నియమం తెలుసో లేదోనని. వీలునామా చెప్పిన రోజు ఇల్లంతా విన్నది. మొదటి మాట థలూసా విడుదల. రెండోది సీలోబాబు వారసత్వం. మనం ఏడుగురం దానికి ముద్రలు వేశాం."

ఎవరో ఆలివ్ గింజ పళ్ళెంలో వదిలిన చప్పుడు వినిపించింది.

"కోసుతియస్‌కు తెలియకపోవడమా!" అన్నాడు హెరెన్నియస్. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "నా వీలునామాలో ఏది ఎక్కడుండాలో పక్కన కూర్చుని చెప్పింది వీడే కదూ! వీడికి..." నవ్వు నోట్లోనే ఆగిపోయింది. గిన్నె కింద పెట్టి దొరవైపు చూశాడు. మిగతా అయిదుగురూ చూశారు.

దొర ముందు రెండు దారులున్నాయి. తెలియదంటే రొట్టెలవాడి పక్కన మరో మొద్దు. తెలుసంటే నీళ్ళ పళ్ళెం పట్టుకున్న ఆడదాన్ని మోసం చేసినవాడు. ఆయన కళ్ళు నామీద నిలిచాయి. అందులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ.

"ఎపాఫ్రా!" అన్నాడు. "ఆ దరిద్రుడు. వాడికి అప్పుడే చెప్పాను, వరస సరిచూసి రాయమని. తారుమారు చేశాడు."

మూడో దారి. నేను ఊహించిందే, కోరుకున్నదే. "అయితే పెద్ద గండం తప్పింది దొరా," అన్నాను. "వాడి తప్పు మీ మాటతో దిద్దెయ్యచ్చు. స్నేహితుల ఎదుట యజమాని నోటితో విడుదల చేస్తే చాలు కదా. పౌరహక్కు రాకపోవచ్చు. కానీ ఆ తరవాత ఎవరూ ఆమెను అమ్మలేరు, ఎవరూ సొంతం అనలేరు."

"రేపు చూద్దాం మావయ్యా," అన్నాడు సీలో, మరీ మెత్తగా. "పుట్టినరోజు పూట ఈ గొడవలెందుకు? రేపు ఇంకో రాతగాణ్ణి పిలిపించి కొత్త పలకలే రాయిద్దాం. శాస్త్రోక్తంగా."

"అవును, రేపు," అన్నాడు కోసుతియస్.

రేపు నేను ఓడలో ఉంటాను. ఎల్లుండికి ఈ మాట ఎవరికీ గుర్తుండదు. ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే పాత యజమానిని విందులో అవమానించిన కుక్కనవుతాను.

అప్పుడు థలూసా కదిలింది. పళ్ళెం తీసుకుని దొర పడక దగ్గరకు వెళ్ళి, మోకాళ్ళమీద కూర్చుని, ఆయన కాలి కట్టు విప్పడం మొదలుపెట్టింది. కట్టు మార్చే వేళ అదే. గదంతా ఆ వాసన పరుచుకుంది. ఇద్దరు దుప్పటి కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. సీలో ముఖం పక్కకు తిప్పేశాడు. ఆమె తొందరపడలేదు. పుండును నూనెతో తుడిచింది, ఊదింది, మళ్ళీ తుడిచింది.

ఆరుగురూ ఆ చేతుల్నే చూస్తున్నారు.

"రేపెందుకయ్యా?" అన్నాడు హెరెన్నియస్. గొంతులో వేషం లేదు. "నోరు నీదే, ఇవాళా ఉంది. మేమూ ఉన్నాం. లేకపోతే వరస తప్పింది రాతగాడివల్లేనా అని నాకు అనుమానం వస్తుంది. మొద్దును స్నేహితుడిగా భరిస్తాను, కోసుతియస్. ఇంకోరకం వాణ్ణి భరించలేను."

ముసలాయన పెదాలు రెండుసార్లు కదిలి ఆగాయి. థలూసా తల ఎత్తలేదు.

"స్వేచ్ఛ," అన్నాడు చివరికి, రాయి ఎత్తినట్టు. "స్వేచ్ఛ ఇస్తున్నాను, మీ అందరి ఎదుట, ఇవాళే, ఈ మనిషికి... థలూసాకు."

ఇరవైనాలుగేళ్ళలో ఆయన అసలు మనిషిని వాక్యం చివరికి నెట్టడం అదే మొదటిసారి. ఇష్టం లేని మాట అలాగే వస్తుంది కాబోలు. నాకు అంతకన్నా నిజమైన మాట అక్కర్లేదు. దిండు కింది పలకలు తీసి ఆ నాలుగు వరసలూ నింపాను.

"అప్పుడే రాశావా?" అన్నాడు సీలో. "పలకలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"అలవాటు బాబూ. ఉత్తరాలు రాసేవాణ్ణి."

దారం తిప్పాను, మైనం కరిగించాను. హెరెన్నియస్ ముందు ఉంగరం నొక్కాడు. మిగతావాళ్ళు వరసగా నొక్కారు. దొర ఉంగరం వాచిన వేలినుంచి రాలేదు. పిడికిలి బిగించి పలకమీద పెడితే నేనే నొక్కి పట్టాను. ఆయన చెయ్యి వేడిగా ఉంది. సీలో తన ఉంగరం ఇంట్లో మర్చిపోయానన్నాడు. వేలికే ఉంది.

పొద్దు ఉండగానే సాక్షులందరూ వెళ్ళిపోయారు. దొర గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"కరీస్టోస్," అన్నాడు. "అక్కడికి... ఇక అక్కర్లేదు."

"చిత్తం."

"నువ్వు తప్ప విడుదలైనవాళ్ళంతా వెళ్ళిపోయారు. పదకొండుమంది. ఒక్కడూ పలకరించడానికి రాలేదు. దీన్ని కూడా వదిలితే నా కాలు ఎవరు ముట్టుకుంటారు? ఆశ ఉన్నంతసేపు ఉంటుందనుకున్నాను."

"ఆశ నిజమైనదైనా ఉండేది దొరా."

"అది నీకు తెలుసా? నాకు తెలియదు."

ఆ మాట నిజమో, చివరి ఎత్తో, ఇప్పటికీ తేల్చుకోలేను. థలూసా కట్టు ముడి వేసి లేచింది. చేతులు కడుక్కుంది. ఒకసారి కాదు, మోచేతులదాకా మూడుసార్లు.

"రేపు పొద్దున," అన్నాడు దొర, గోడకే చెబుతున్నట్టు. "కట్టు మార్చాలి."

ఆ ఇంట్లో అలాంటి మాటకు పదిహేనేళ్ళుగా ఆమె నోట ఒకటే జవాబు: చిత్తం. ఈసారి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించింది.

"చూస్తాను," అంది.

గుమ్మం దగ్గర సీలో నిలబడి ఉన్నాడు. నవ్వుతూ చెయ్యి చాపాడు. "ఆ పలకలు ఇలా ఇయ్యి దామా. మావయ్య పెట్టెలో పెడతాను. ఇంట్లో ఉంటే భద్రం."

"ఇంట్లో భద్రంగా ఉన్న వీలునామా పలకల్ని ఒకసారి చూశాం బాబూ," అన్నాను.

థలూసా అతన్ని దాటుకుని ముందు నడిచింది. రేవు వీధిలో చేపలవాళ్ళు బుట్టలు సర్దుకుంటున్నారు. నేను పలకలు రెండు చేతులతో పట్టుకుని, ప్రతి పది అడుగులకూ వెనక్కి చూస్తూ ఆమె వెంట నడిచాను.

"ఎవరూ రావడంలేదు," అంది ఆమె, తిరిగి చూడకుండానే.

నేను ఇంకోసారి చూశాను.